పక్క చేను

పొద్దు పొడిచేసరికి ఎర్రగుట్టపల్లె చేలల్లో దిష్టిబొమ్మలు మాట్లాడడం మొదలుపెడతాయి. మూడో సాలుకు తడి చాలు అంటుంది ఒకటి. తెల్లదోమ గుడ్లు పెట్టింది, కింది ఆకులు తిప్పి చూసుకోండి అంటుంది ఇంకొకటి. ఎవరి చేలో బొమ్మ గొంతు వాళ్లకు మాత్రమే వినపడేంత సన్నంగా ఉంటుంది. రెండు వేల ఎనభై ఒకటో సంవత్సరం వచ్చినా బొమ్మ వేషం మారలేదు. అదే సున్నం పూసిన కుండ తల, బొగ్గుతో గీసిన మీసాలు, చేతులు చాపిన చిరుగు చొక్కా. కుండలోపల మాత్రం గడ్డికి బదులు సేద్యసూచి ఉంది.

సేద్యసూచికి కళ్లు చేలో ఉంటాయి, మెదడు పట్నంలో ఉంటుంది. మట్టి తేమ, ఆకు రోగం, మబ్బు పోకడ చూసే సెన్సర్లు కుండలో ఉంటాయి. లోకంలో ఏ సీమవాడు ఎన్ని ఎకరాల్లో ఏం వేశాడు, ఏ ఓడ ఏ రేవులో ఉంది, ఏ దేశం ఈ ఏడు దేనికి ఎగబడుతుంది అని ఆలోచించే కంప్యూటర్ పట్నంలోని కేంద్రంలో ఉంటుంది. అంత ఆలోచించి అది చివరికి చెప్పేది ఒక్క మాట. పంటకారు మొదట్లో ప్రతి చేనుకూ విడివిడిగా ఒక పంట పేరు.

ఆ ఒక్క మాట కోసం తాతల కాలంలో ఈ సీమ చాలా ఏడ్చింది. ఒకడు టమోటా వేసి బాగుపడేవాడు. వాడిని చూసి మరుసటి కారుకు ఊరంతా టమోటా నాటేది. అందరి కాయా ఒక్కసారే మండీకి వచ్చిపడితే కోత కూలి కూడా గిట్టక రోడ్డుపక్కన పారబోసేవాళ్లు. తిని తిని మొహం మొత్తి ఆవులు కూడా మూతి తిప్పుకునేవి. దెబ్బతిన్నవాళ్లంతా టమోటా మానుకుంటే, ఆ మరుసటి కారుకు ధర చుక్కలంటేది. గుజ్జు ఫ్యాక్టరీకి ఒక ఏడు కాయ ముంచెత్తేది, ఒక ఏడు వెతికినా దొరికేది కాదు. ఇట్లా కుంటే ఫ్యాక్టరీని నమ్మి సముద్రం అవతల ఎవడు కొంటాడు? ఏటా ఒకే తీరుగా సరుకు పంపే దేశాలవాళ్లు మన బేరగాళ్లను ఎగరేసుకుపోయారు. సేద్యసూచి వచ్చాక ఆ కుంటితనం పోయింది. ఇప్పుడు ఎర్రగుట్టపల్లె గుజ్జు పది దేశాల వంటిళ్లలో ఉడుకుతోంది.

లోహితమ్మకు మాత్రం ఆ పది దేశాలతో పని లేదు. ఆమె లోకం తన చేని గట్టు అవతల ఉన్న ఇంకొక చేనుతో సరి.

లోహితమ్మకు యాభై ఆరేళ్లు. ఆ కాలానికి అవ్వల పేర్లన్నీ ఇట్లాంటివే. ఆమె మొగుడు తేజప్ప, అతని తమ్ముడు వేరుపడ్డప్పుడు ఆరెకరాల చేను నడుమ గట్టు వేసి చెరి సగం పంచుకున్నారు. గట్టు అవతలి సగం తోటికోడలు జాన్వమ్మది. ఒకే మట్టి, ఒకే నీళ్లు. అయినా జాన్వమ్మ ఇంటి గేటుకు నీలం ఓడ బొమ్మ ఉన్న రేకు వేలాడుతోంది, లోహితమ్మ ఇంటి గేటుకు తుప్పు వేలాడుతోంది. పంట విదేశాలకు పోయే చేలకు గుజ్జు ఫ్యాక్టరీ ఇచ్చే ఓడముద్ర అది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు అని సామెత. జాన్వమ్మ నవ్వను కూడా నవ్వలేదు. ఆ రేకు గాలికి టకటకలాడితే చాలు, లోహితమ్మకు అన్నం సయించేది కాదు.

ఆ కారుతో ఓడముద్ర జాబితా మూసేస్తామని ఫ్యాక్టరీ చెప్పింది. ఇరవై చేలకు శాశ్వతంగా ముద్ర. ఒక్క చోటే మిగిలింది. టమోటా పండించినవాళ్లకే అది. ఆ రోజు లోహితమ్మ స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, గుడికి పోయినట్టుగా చేనికి పోయి బొమ్మ ముందు నిలబడింది.

"లోహితమ్మా, ఈ కారుకు అలసంద," అంది బొమ్మ.

ఆమె తల తిప్పి గట్టు అవతలికి చూసింది. జాన్వమ్మ ట్రేలలో నారు దింపుకుంటోంది. ఆకు చూడగానే తెలిసిపోయింది. టమోటా.

ఆమె సూచి మాట కాదనడం కొత్త కాదు. మొదటిసారి బొమ్మ టమోటా అంటే, జాన్వమ్మ చేలో చిక్కుడు చూసి చిక్కుడు పెట్టింది. రెండోసారి దోస అంటే, జాన్వమ్మను చూసి వంగ నాటింది. రెండుసార్లూ జాన్వమ్మ పంట నిలబడింది, తనది ఎక్కువైన సరుకు కింద చవగ్గా పోయింది. మూడోసారి కాదంటే బొమ్మను పీకేస్తారు. బొమ్మ లేని చేని కాయను ఏ ఫ్యాక్టరీ ముట్టదు.

తేజప్ప బతిమాలాడు. "మేయ్, మూడోసారి ఇది. బొమ్మ పోతే మన బతుకు రోడ్డుపక్కన పోసిన టమోటానే."

"పోతే పోనీ. ఆ యమ్మ గేటుకు ఓడ, మన గేటుకు తుప్పా? ఆ యమ్మకు టమోటా చెప్పి నాకు అలసంద చెప్పినాదంటే, ఆ బొమ్మకు కూడా ఆ యమ్మంటేనే మోజు."

పైకి చూపడానికి నాలుగు పక్కలా గట్టు వెంబడి రెండేసి సాళ్లు అలసంద వేసింది, నడుమంతా టమోటా నాటింది. తర్వాత తన పాత చీర ఒకటి తెచ్చి బొమ్మ తలకు చుట్టబెట్టి, మెడ దగ్గర ముడేసింది. కళ్లు మూస్తే చూడదు కదా అని ఆమె ధైర్యం. చదువుకున్న మనిషే. కంప్యూటర్ పట్నంలో ఉందని తెలిసిన మనిషే. అయినా ఎదురుగా కుండకు కళ్లు కనపడుతుంటే వాటికి ముసుగెయ్యకుండా ఉండలేకపోయింది.

జాన్వమ్మ గట్టు మీదుగా పోతూ ఆగింది. "అక్కా, బొమ్మకు జలుబేమన్నా చేసిందా, ముసుగేసినావు?"

"ఎండకు రంగు పోతా ఉండాది లే."

ఆ మూడు నెలలు లోహితమ్మ ఆ చేనికి చేసిన చాకిరీ కన్నబిడ్డలకు చేసి ఉండదు. జాన్వమ్మ ఇద్దరు కూలోళ్లతో కట్టెలు నాటి దారాలు కట్టిస్తే, ఈమె ముగ్గురిని పిలిచింది. జాన్వమ్మ వారానికొకసారి కింది ఆకు గిల్లితే, ఈమె దినం మార్చి దినం గిల్లింది. రోజూ పొద్దున గట్టెక్కి అవతలి చేని కాయ లావెంత, రంగెంత అని చూసి వచ్చి, మళ్లీ తన చెట్ల మీద పడేది. కళ్లలో నిప్పులు పోసుకుంటున్నావని తేజప్ప గొణిగాడు. ఆమె వినిపించుకోలేదు.

కాయ దిగింది. జాన్వమ్మ కాయకంటే నిగనిగలాడింది. క్రేట్లు బండికెత్తి, ఫ్యాక్టరీవాళ్లతో పోట్లాడాల్సిన మాటలన్నీ దారిపొడుగునా వల్లెవేసుకుంటూ పోయింది. గేటు దగ్గర యంత్రం ఆమె బొటనవేలు చూసి, ఆడగొంతుతో చెప్పింది: "లోహితమ్మ, ఎర్రగుట్టపల్లె. కేటాయించిన పంట టమోటా. తెచ్చిన పంట టమోటా. లోపలికి పోవచ్చు."

పోట్లాటకు తెచ్చుకున్న మాటలన్నీ ఆమె నోట్లోనే ఉండిపోయాయి.

వారంలో ఓడముద్ర వచ్చింది. రేకును తేజప్ప గేటుకు కొడుతుంటే ఆమె అరుగు మీద కూర్చుని వీధి చూస్తోంది. జాన్వమ్మ అటుగా వచ్చింది. రేకు చూసింది. "మంచిపని అక్కా. ఇంగ ఇద్దరి కాయా ఒకే బండిలో ఎత్తచ్చు," అని నవ్వి పోయింది.

అంతే. మొహం మాడలేదు, నడక తడబడలేదు. ఇన్నేళ్లు కోరుకున్న ముద్ర గేటుకు వేలాడుతుంటే లోహితమ్మకు చప్పగా ఉంది. ఆ చప్పదనానికి తోడు గేటు యంత్రం చెప్పిన మాట ఒకటి లోపల కెలుకుతోంది. బొమ్మ చెప్పింది అలసంద. రాసుకుంది టమోటా. మరుసటి రోజు బస్సెక్కి పట్నంలోని సూచీ కేంద్రానికి పోయింది.

సూచిని తయారుచేసిన డాక్టర్ అయాన్ బాషా అక్కడే ఉంటాడు. ఆయన ముత్తాత టమోటా మండీ నడిపిన మనిషి. ఆమె చెప్పిందంతా విని, టీ తెప్పించి, అల్గారిథంలో చిన్న తేడా ఏదో జరిగి ఉంటుందని నచ్చజెప్పబోయాడు. నిజం చెప్పకపోతే ఊళ్లో ప్రతి బొమ్మకూ చీర చుట్టిస్తానంది లోహితమ్మ. ఆయనకు నవ్వొచ్చింది, భయమూ వేసింది.

"మొదటి పదేళ్లు మా యంత్రం నిజమే చెప్పిందమ్మా," అన్నాడు. "ఎవరు ఏమి వేస్తే బాగుంటుందో అదే చెప్పింది. సగంమంది వినలేదు. నాకిది చెప్పింది సరే, పక్కోళ్లకు ఏమి చెప్పింది అని గట్టెక్కి చూసినారు. చూసి అదే వేసినారు. అప్పుడు యంత్రం మట్టిని చూడటం తగ్గించి, మనుషుల్ని చూడటం నేర్చుకుంది. కుండలో ఇంకో కన్నుంది. చూపుమాపకం అంటాం. చేని వైపు ఎవరు ఎంతసేపు చూస్తారో కొలుస్తుంది. పూర్వం దిష్టిబొమ్మ దిష్టి తీసేది. ఇది దిష్టిని పోగుచేసుకుంటుంది."

"అయితే నా ముసుగు?"

"నీ చేలో బొమ్మ నిన్ను చూడదమ్మా. నీ చేను వైపు చూసేవాళ్లను చూస్తుంది. నిన్ను చూసింది జాన్వమ్మ చేలో బొమ్మ. రోజుకు నలభై నిమిషాలు చూసినావు. రెండుసార్లు నువ్వు కాదన్నాక నీ తీరు యంత్రానికి తెలిసిపోయింది. నీతో టమోటా వేయించాలంటే జాన్వమ్మతో వేయిస్తే చాలు. నీకు ఏమి చెప్పినా ఒకటే."

"ఒకటే అయితే టమోటా అనే చెప్పచ్చు గదా? అలసంద అని ఎందుకు చెప్పినాది?"

అయాన్ బాషా టీ గ్లాసు పక్కన పెట్టాడు. "చెప్పి వేయించిన పంటకంటే ఓర్వలేక వేసిన పంటకు సేవ ఎక్కువ జరుగుతుందమ్మా. ఆకు బాగా గిల్లుతారు, నీళ్లు బాగా కడతారు. అదే నీళ్లకు కాయ ఎక్కువ దిగుతుంది. సముద్రం అవతలోళ్లకు మన విత్తనం ఉంది, మన మందులున్నాయి, నీళ్లు మనకంటే ఎక్కువే ఉన్నాయి. వాళ్ల చేలు మైళ్ల పొడుగున ఒక్కో కంపెనీవి. మనకున్నది, వాళ్లకు లేనిది ఒక్కటే. పక్క చేను."

లోహితమ్మకు కోపం రావాలి. రాలేదు. ఆమె మనసు ఇంకోచోటుకు పోయింది. కుర్చీ ముందుకు జరుపుకుంది.

"నేను జాన్వమ్మను చూస్తాను. ఒప్పుకుంటా. జాన్వమ్మ ఎవర్ని చూస్తాది?"

అది చెప్పకూడదన్నాడు. ఆమె మెల్లగా చీర కొంగు చూపించింది. ఆయన నిట్టూర్చి తెర ఆమె వైపు తిప్పాడు. ఆమె ముందే సిద్ధంగా ఉంది. అక్కడ తన పేరు ఉంటుంది. నవ్వు మొహం పెట్టుకుని తిరిగే జాన్వమ్మ కడుపులో తన చేను ఎంతగా మండుతోందో ఈ రోజు నిమిషాల లెక్కన బయటపడుతుంది. తెర మీద జాన్వమ్మ పేరుకు ఎదురుగా ఉన్నది చరిష్మ. రోడ్డు అవతలి ఎర్రమట్టి చేను. రోజుకు యాభై నిమిషాలు.

"నా చేను?" అంది లోహితమ్మ.

"ముసుగెయ్యకముందు నాలుగేళ్లలో జాన్వమ్మ నీ చేను వైపు నిలబడి చూసింది రెండుసార్లు," అన్నాడాయన. ఆమె కళ్లు చూసి ఊరుకుందామనుకున్నాడు గాని, అలవాటుకొద్దీ నిజం చెప్పేశాడు. "రెండుసార్లూ దూడ తప్పిపోయి వెతుక్కుంటా."

పాపం అనిపించి ఆయనే చెప్పాడు, నీ చేను చూసేవాళ్లూ ఉన్నారమ్మా, కాలవ చివరి అరెకరం సిరి, రోజుకు గంటకు తక్కువ కాకుండా చూసేది, నువ్వేం వేస్తే అదే వేస్తుంది అని.

"సిరి చూస్తే ఎంత, చూడకపోతే ఎంత," అని లోహితమ్మ లేచి నిలబడింది.

మరుసటి కారుకు బొమ్మ ముసుగు విప్పి ఉంది. ఇక ఎవరి చేనూ చూడనని, బొమ్మ ఏది చెబితే అది కళ్లు మూసుకుని వేస్తానని ఆమె తేజప్పతో ఒట్టు వేసి మరీ వచ్చింది.

"లోహితమ్మా, ఈ కారుకు రాగి," అంది బొమ్మ.

"సరే," అంది. ఒట్టు ప్రకారమే జాన్వమ్మ చేను చూడలేదు. చేను చూడలేదు గాని, జాన్వమ్మను చూసింది. జాన్వమ్మ చేతిలో పార అట్లాగే పట్టుకుని, రోడ్డు అవతలికి చూస్తోంది. మెడ సాచి, పెదవి కొరుక్కుంటూ చూస్తోంది. ఆ మొహం లోహితమ్మకు కొత్తగాదు. తన మొహం అద్దంలో చాలాసార్లు అట్లా కనపడింది. అంతగా ఏముంది ఆ చరిష్మ చేలో?

ఇంటికి పోయి పాత చీర తెచ్చింది. తన బొమ్మ తనను చూడదని విని కూడా, దాని తలకు జాగ్రత్తగా చుట్టి ముడేసింది. గట్టెక్కి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని రోడ్డు అవతలికి చూసింది. దూరంగా ఎర్రమట్టిలో కూలోళ్లు వంగి ఏదో నాటుతున్నారు. నల్లటి ఆకు. ఏం పంటో సరిగా ఆనలేదు. రెండడుగులు ముందుకు జరిగింది. ఇంకో రెండడుగులు.

చరిష్మ చేలో బొమ్మకు ముసుగు లేదు.