సెవిల్‌లో ఒక కుర్చీ

"మళ్ళీ లేచి నిలబడిందండోయ్!"

కేక వీధి ఆ చివరిదాకా వినబడింది. పగడాలపేట మూడో వీధిలో "ఎవరు? ఎక్కడ?" అని అడిగినవాళ్ళు లేరు. అందరికీ తెలుసు. ఇస్త్రీ బండి శేషగిరి పెట్టె పక్కన పెట్టి "అయ్యయ్యో" అన్నాడు. డ్రైవరు లేని ఆటో ఒకటి, ఎవరో తనని పిలిచారనుకుని ఆగి, ఎవరూ ఎక్కకపోయేసరికి చిన్నబుచ్చుకున్నట్టు మెల్లగా కదిలి వెళ్ళిపోయింది.

కేక వేసింది దైవసహాయం మాస్టారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాక ఆయనకి మిగిలిన ఉద్యోగాలు రెండే. సత్యవేణి మెస్సులో మధ్యాహ్నం భోంచేయడం, మెస్సు మేడమీద డాక్టర్ ఫర్హానా గదిలో ఏం జరుగుతోందో కిటికీలోంచి వీధికి చెప్పడం.

లేచి నిలబడింది సత్యవేణే. అయితే కింద గాడిపొయ్యి మీంచి వంకాయ కూర దించుతున్న సత్యవేణి కాదు. మేడమీద స్క్రీన్‌లో, స్పెయిన్ దేశం దక్షిణాన, సెవిల్ అనే నగరంలో, నారింజ చెట్టు కింద కుర్చీలో కూర్చున్న సత్యవేణి. కూర్చున్న అనకూడదేమో. కూర్చోబోయి లేచిన సత్యవేణి.

కంగారు పడకండి, చెబుతాను. దర్జీ చొక్కా కుట్టేముందు ఏం చేస్తాడు? పొడుగు దారంతో కచ్చా కుట్టు వేసి, మనకి తొడిగి, చంకలో బిగుతుందా భుజం జారుతుందా చూసుకుంటాడు. డాక్టర్ ఫర్హానా కనిపెట్టిన యంత్రం కూడా అంతే. ప్రయాణానికి కచ్చా కుట్టు వేస్తుంది. దాని పేరు "ముందునడక". ముందు మన చేతికి, మడమకి సెన్సర్ పట్టీలు కడతారు. మనం ఎలా నడుస్తాం, ఎప్పుడు ఆకలేస్తుంది, ఎవరు పిలిస్తే పలుకుతాం, దేనికి భయపడతాం, అన్నీ ఆ పట్టీలు వారం రోజులు పట్టి మిషనుకి చెబుతాయి. అప్పుడు కంప్యూటర్ లోపల మనలాంటి బొమ్మ ఒకటి తయారవుతుంది. వెళ్ళాల్సిన ఊరు కూడా వీధులతో, ఎండతో, జనంతో సహా లోపలే ఉంటుంది. బొమ్మని ఆ ఊళ్ళో వదిలేస్తారు. దాన్నే వాళ్ళ భాషలో సిమ్యులేషన్ అంటారు. అక్కడ మూడు రోజులు గడవడానికి ఇక్కడ కోడిగుడ్డు ఉడికినంతసేపు చాలు. మనిషి అడిగిన కోరిక బొమ్మకి తీరితే మిషను మీద పచ్చ లైటు వెలిగి గంట మోగుతుంది, టికెట్టు దానంతట అదే బుక్కయిపోతుంది. తీరలేదా, ప్లాను మార్చి మళ్ళీ వదులుతుంది.

ఈ యంత్రంతో చాలామంది చాలా ఊళ్ళు వెళ్ళొచ్చారు. శేషగిరి బావమరిది హనీమూన్ ప్లాను కూడా ఇందులోనే వేశారు. ఎవరికీ ఇంత ఆలస్యం కాలేదు. సత్యవేణి దగ్గరికొచ్చేసరికి మిషను పొద్దుటినుంచీ గుడ్లు ఉడకబెడుతూనే ఉంది.

సత్యవేణి అడిగిన కోరిక వినండి మరి. ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ ఫోనులో ఒక వీడియో చూసింది. సెవిల్‌లో ఎవరో ఒకావిడ, తనంత వయసే ఉంటుంది, చెట్టు కింద చిన్న బల్ల ముందు ఒక్కతే కూర్చుంది. ఎవరో పొగలు కక్కే పళ్ళెం తెచ్చి ముందు పెట్టారు. ఆవిడ తింది. అంతే వీడియో. సత్యవేణి దాన్ని అన్నం ఉడికేలోగా మూడుసార్లు చూసి, చేతులు కడుక్కుని, మేడ ఎక్కింది.

"ఫర్హానా తల్లీ, నాకు ఈ ఊరు వెళ్ళాలని ఉంది. ఒక్కదాన్నే. మూడు రోజులు."

"తప్పకుండా ఆంటీ. ఏం చూడాలని?"

"చూడ్డం సరే, చూస్తాను. కూర్చుని, వేడివేడిగా, ఒక్క భోజనం చెయ్యాలి. మధ్యలో లేవకుండా."

ఫర్హానా నవ్వింది. "ఇంత సులువైన కోరిక ఇంతవరకూ ఎవరూ అడగలేదు ఆంటీ" అంది. పాపం, సైన్సు చదువుకున్న పిల్ల.

ప్లాను మాత్రం ముచ్చటగా వేసింది మిషను. వేసవిలో వద్దంది, అక్కడి ఎండ మన రెంటచింతలకి అక్కలాంటిదట. వసంతంలో, నారింజ పూత వాసన వీధుల్లో తిరిగే రోజుల్లో వెళ్ళమంది. నది దగ్గర చిన్న హోటల్లో గది. రాజభవనానికి టికెట్టు ముందే తీసుకోవాలి, లేకపోతే క్యూలోనే ఒక పూట పోతుంది. హిరాల్దా అనే పెద్ద గోపురం ఉంది, దాని లోపల మెట్లకి బదులు ఏటవాలు దారి వేశారు. సత్యవేణి మోకాళ్ళకి అది వరం. అక్కడ రాత్రి తొమ్మిది దాటితేగానీ భోజనాల సందడి మొదలవదు. ఒంటరి ఆడమనిషి ఆ వేళ బయట కూర్చుని తింటే అక్కడ వింతేం కాదు.

బొమ్మ బాగానే బయల్దేరింది. గోపురం ఎక్కింది. చెట్టుకున్న నారింజకాయ ఒకటి రాలితే కొరికి చూసి, "అబ్బ, చేదూ పులుపూ! దబ్బకాయలా ఉంది, ఊరేస్తే ఎంత బాగుంటుందో" అంది. స్క్రీను ముందున్న అసలు సత్యవేణి కూడా సరిగ్గా అప్పుడే "ఊరేస్తే..." అనడంతో, బొమ్మ నిఖార్సుగా వచ్చిందని ఫర్హానా పొంగిపోయింది.

భోజనం దగ్గరే వచ్చింది చిక్కు. పాలకూర, శనగలు కలిపి వండిన కూర ముందు పెట్టారు. బొమ్మ చెంచా ఎత్తింది. పక్క బల్లమీద ముసలాయనకి మంచినీళ్ళు లేవు. లేచింది. ఆయనకి నీళ్ళు పోసి వచ్చేసరికి కూర చల్లారింది.

హోటలు మార్చారు. అక్కడ ఎవరో పిల్లాడికి రొట్టె అందలేదు. లేచింది. ఇంకో చోట వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. ఇంక చెప్పాలా? లోపలికెళ్ళి మంట తగ్గించింది. ఆ హోటలు యజమాని సంతోషపడి ఏప్రాన్ ఇచ్చాడు. మూడు రోజుల సెలవులో రెండున్నర రోజులు అక్కడే పనిచేసి, చివరి రోజున జీతం ఇస్తానంటే వద్దని విమానం ఎక్కింది.

ఫర్హానా పట్టుదల మనిషి. మనుషులుంటేనే కదా ఈ గొడవ అని, ఊళ్ళో జనాన్ని తీసేసింది. సెవిల్ మొత్తం ఖాళీ. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక వెయిటరు. ఇంతకుముందు మాస్టారి కేక వినబడింది చూశారూ, అది ఇప్పటిదే. బొమ్మ లేచి, వెయిటర్ని భుజాలు పట్టుకుని తన కుర్చీలో కూర్చోబెట్టింది. "పొద్దుటినుంచీ నిలబడే ఉన్నావు నాయనా" అని వడ్డించడం మొదలుపెట్టింది.

కేక విని సత్యవేణి చెమట తుడుచుకుంటూ మేడ మీదికొచ్చింది. స్క్రీన్‌లో తనని తను చూసుకుంది.

"ఫర్హానా, విమానంలో సీటు సాయంత్రం దాకే పట్టి ఉంచుతామన్నారు కదూ?"

"అవునాంటీ. పూత రోజులు కదా, మళ్ళీ దొరకదు."

"పోనీలే వదిలెయ్యి. ఇక్కడ చేసే చాకిరీ అక్కడా చెయ్యడానికి అంత దూరం ఎందుకు?" అని నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మాస్టారు కిటికీ వదిలేసి వచ్చారు. ఆయనకి కేకలు వేయడమే తెలుసు, మెల్లగా మాట్లాడటం తెలీదు. అందుకని ఫ్యాను ఆమె వైపు తిప్పారు.

ఫర్హానా గ్రాఫులు తిరగేస్తోంది. "ఆంటీ, ఒక్క మాట. తప్పు ఊరిది కాదు, హోటళ్ళది కాదు. వారం రోజుల డేటాలో మీరు నడిచింది ఉంది, మోసింది ఉంది, నిద్ర ఉంది. కంచం ముందు కూర్చున్నది మాత్రం ఒక్క నిమిషం కూడా లేదు. మీరు ఎప్పుడు తింటారు?"

"అందరిదీ అయ్యాక. గట్టు దగ్గర నించుని ఏదో కాస్త."

"మరి మిషనుకి ఎలా తెలుస్తుంది? మీరు చెయ్యని పని బొమ్మకి రాదు. ఒక్క పూట చాలు ఆంటీ. ఒక్క పూట మీరు కూర్చుని తినండి. పట్టీలు చేతికే ఉన్నాయి కదా. బొమ్మ నేర్చేసుకుంటుంది."

"ఇంతేనా!" అన్నారు మాస్టారు, వీధంతా వినబడేలా. "పదండి కిందకి!"

ఇంతే అనుకున్నారు పాపం.

కింద మెస్సులో భోజనాల వేళ. సత్యవేణి భర్త అబ్బులు గారు గల్లాపెట్టె వెనక ఎత్తు స్టూలు మీద ఉన్నారు. సంగతి విని ఆశ్చర్యపోయారు. "అదేంటి సత్యవేణీ, నువ్వు తినవా?"

"మీరు కునుకు తీసేప్పుడు తింటానండీ."

"నేను లేచేసరికి నీ కంచం కడిగి ఉంటుంది. నాకన్నా ముందే తినేస్తావనుకున్నా ఇన్నాళ్ళూ!" ఆయన స్టూలు దిగారు. "కూర్చో. ఇవాళ నేను వడ్డిస్తాను."

కూర్చుంది. అబ్బులు గారు అన్నం పెట్టి, వంటింట్లోకెళ్ళి, అక్కణ్ణుంచి కేకేశారు. "పప్పు గరిటె ఎక్కడుందే?"

లేచింది. కంచం వదిలితే మోగేలా ఫర్హానా సర్దిన చేతి పట్టీ కీచుమంది.

"లేవకు, లేవకు! నేనే చూసుకుంటా!" మళ్ళీ కూర్చోబెట్టారు. ముద్ద కలిపింది. ఇంతలో గోడవార బల్ల దగ్గర కూర్చున్న మాస్టారు, పాతికేళ్ళ అలవాటున, "సత్యవేణమ్మా, కాస్త చారు..." అనేశారు.

లేచింది. పట్టీ కీచుమంది. అందరూ మాస్టారి మీద పడ్డారు.

"ఏం మాస్టారూ, లెక్కలు చెప్పిన బుర్రేనా అది?"

"నోరు దానంతట అదే అందిరా బాబూ! కావాలంటే నాకు కూడా పట్టీ కట్టండి!"

మూడోసారి అందరూ తినడం ఆపేసి, ఆమె చుట్టూ నిలబడ్డారు. ఎవరూ మాట్లాడకూడదని ఒట్టు. శేషగిరి కూడా బండి వదిలి వచ్చి గుమ్మంలో నించున్నాడు. సత్యవేణి ముద్ద ఎత్తింది, దించింది.

"ఇంతమంది నించుని నా నోటివంక చూస్తుంటే ముద్ద దిగుతుందా? మీరు కూర్చోండి, నేను వడ్డిస్తా."

లేచింది. పట్టీ కీచుమని, విసుగొచ్చినట్టు ఇంకోసారి కీచుమంది.

అప్పుడు నవ్వింది ఫర్హానా. ఇన్ని గ్రాఫుల్లో దొరకనిది దొరికినట్టుంది. "అంకుల్, ఆంటీ కూర్చోలేకపోవడం లేదు. ఒక్క మనిషి నిలబడి ఉన్నా ఆవిడ కూర్చోదు. అంతే సూత్రం. ఎవరూ నిలబడకూడదు."

"అందరూ కూర్చుంటే వడ్డించేదెవరమ్మా?" అన్నారు అబ్బులు గారు. మెస్సు నడిపే మనిషి కదా, ఆయన ప్రశ్న ఆయనది.

"ఎవరూ వడ్డించరు. సెవిల్‌లో చూశాం కదా, చిన్నచిన్న పళ్ళేలు మధ్యలో పెట్టేసుకుని ఎవరిక్కావలసింది వాళ్ళు అందుకుంటారు."

ఇదే చిత్రం. ప్రయాణాలకోసం పుట్టిన ఈ ముందునడక మిషను ఇప్పుడు ఏ ఊళ్ళో కొన్నా, పెట్టె మూత మీద పెద్ద అక్షరాలతో ఒక సూచన ఉంటుంది: "ఒంటరిగా వెళ్ళదలచినవారు ముందు ఒకపూట ఇంటిల్లిపాదితో కలిసి కూర్చుని తినవలెను." అది రాయడానికి కారణం ఆ మధ్యాహ్నమే.

బల్లలన్నీ లాగి ఒకటిగా కలిపారు. అన్నం గుండిగ, పప్పు, వంకాయ కూర, గోంగూర పచ్చడి, చారు గిన్నె, పెరుగు కుండ, అప్పడాల డబ్బా, అన్నీ మధ్యకి చేరాయి. ఇలా గిన్నెలన్నీ మధ్యలో పెడితే మెస్సు పరువేం కావాలని సత్యవేణి గొణిగింది. ఎవరూ వినలేదు. శేషగిరి చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. పార్సిలుకి వచ్చిన ఇద్దరు నర్సులు పార్సిలు వద్దనుకుని కూర్చున్నారు. మాస్టారు చారు గిన్నె పక్క చోటు చూసుకుని, చేయి చాస్తే అందుతుందో లేదో కొలిచి మరీ కూర్చున్నారు. అబ్బులు గారు గల్లాపెట్టెకి తాళం వేసి, భార్య పక్కన కూర్చున్నారు. స్టూలు మీంచి చూస్తే మెస్సు ఇంత పెద్దదిగా కనబడదు కాబోలు, చుట్టూ తేరిపార చూశారు.

సత్యవేణి కూర్చుంది. అన్నంలో పప్పు కలిపింది, నెయ్యి వేసుకుంది. ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది. చూపు పైకి వెళ్ళింది. మిగతావాళ్ళూ అటే చూశారు.

గోడకి ఆనుకుని, చేతిలో టాబ్లెట్‌తో, రీడింగులు చూస్తూ ఫర్హానా నిలబడి ఉంది.

"నువ్వు తిన్నావా తల్లీ?"

"నేను డేటా..." అని, సగంలో తనే గ్రహించి, టాబ్లెట్‌ని గల్లాపెట్టె మీద బోర్లా పెట్టేసి, పరుగున వచ్చి నర్సుల పక్క ఇరుక్కుని కూర్చుంది.

ఇక ఆ గదిలో నిలబడి ఉన్నవి నాలుగు గోడలే.

సత్యవేణి ముద్ద నోట్లో పెట్టుకుంది. వేడిగా ఉంది. "అబ్బా, కాలిందే!" అంది. కాలిందని అంత సంతోషంగా చెప్పిన మనిషి ఇంకొకరు ఉండరు. అబ్బులు గారు అప్పడం విరిచి సగం ఆమె కంచంలో పెట్టారు. మాస్టారు ఎవరినీ అడక్కుండా చారు పోసుకుని, సత్యవేణి కంచంలోకీ ఒక గరిటె పోశారు. అటూ ఇటూ చేతులు చాస్తూ, గిన్నెలు జరుపుతూ, "గోంగూర ఇటు పంపండి", "మొత్తం లాగేసుకోకు" అంటూ అందరూ ఒకేసారి మాట్లాడేస్తున్నారు. పట్టీ కీచుమనడం మానేసి ఎంతసేపైందో ఎవరూ గమనించలేదు.

మేడమీద బొమ్మ మళ్ళీ సెవిల్‌లో దిగి ఉంటుంది. నారింజ చెట్టు కింద కుర్చీ లాక్కుని ఉంటుంది. చూసినవాళ్ళు లేరు. గంట మాత్రం మోగింది. ఒకసారి, రెండుసార్లు, గుడిగంటలా గణగణా మూడోసారి.

అందరి చేతులూ ఆగిపోయాయి. మాస్టారు ఎగిరి లేవబోయారు, కిటికీలోంచి వీధికి చెప్పాలి కదా.

సత్యవేణి ఎడమచేత్తో ఆయన చొక్కా కొస పట్టుకుని కిందకి లాగింది.

"కూర్చోండి మాస్టారూ. స్పెయిన్ ఎక్కడికీ పోదు. చారు చల్లారిపోతుంది."