కనుమ దగ్గర దిగినవాడు

మా నాన్నకి ప్రయాణం కన్నా దాని ఏర్పాట్లంటేనే సరదా. వంటింటి బల్ల మీద రోడ్డు మ్యాపు పరిచి, అది చుట్టుకుపోకుండా మూలల్లో కాఫీ కప్పులు పెట్టి, ఎర్ర పెన్సిలు మొన నాలికతో తడుపుకుంటూ కూర్చుంటాడు. ఎక్కడ పెట్రోలు పోయించాలో, ఎక్కడ భోంచేయాలో, ఏ మోటెల్లో పడుకోవాలో అన్నీ ఆయనే రాస్తాడు. ఎవరినీ ఒక్క మాట అడగడు.

ఆ జూన్ సాయంత్రం ఆయన గీసిన దారి చూశాను. మా ఊరి నుంచి డూలీ, తరవాత మార్ల్ క్రీక్, ఆపైన హాల్సన్. హాల్సన్ దాటితే కొండ కనుమ. ఇరవై తొమ్మిదేళ్ళ క్రితం, 1958లో, మా తమ్ముడు వెండెల్‌ని పోగొట్టుకున్న దారి అదే.

"ఈ దారి వద్దు నాన్నా."

"ఏం? కొండలేం చేశాయే నిన్ను?"

"కొండలేం చెయ్యలేదు."

"అయితే నోర్మూసుకుని మోటెళ్ళకి ఫోన్లు చెయ్యి. దూరం ఊరితో మొదలుపెట్టు, గదులు ముందు అక్కడే నిండిపోతాయి. నలుగురం. నేను, నువ్వు, నీ మొగుడు, ట్రీనా."

ట్రీనా మా అమ్మాయి. ఎనిమిదేళ్ళు. కారెక్కిన పావుగంటకే "ఇంకెంత దూరం?" అని మొదలుపెడుతుంది. మా నాన్న కారులో ఆ మాట అనకూడదు. ఏడ్చినా, వాంతి చేసుకున్నా, ఇంకెంత దూరమన్నా దిగి నడవాల్సిందే. కారు మలుపు తిరిగి ఆగుతుంది, నడిచొచ్చి ఎక్కాలి. మా వైపు తండ్రులు చాలామంది దింపేస్తామని బెదిరింపుకి అంటారు. మా నాన్న నిజంగానే దింపేవాడు.

వెండెల్‌కి అప్పుడు ఆరేళ్ళు. కనుమ దగ్గర సన్నగా జల్లు పడుతోంది. వాడు నా కొత్త బూట్ల మీద వాంతి చేసుకున్నాడు. నాన్న వాణ్ణి ఒంటి మీది ఉన్ని స్వెట్టరుతోనే ఆ జల్లులో దింపేసి, మలుపు తిరిగాక, అద్దంలోంచి నన్ను చూస్తూ అడిగాడు, "చాలా? ఇంకో మలుపు పోనివ్వనా?" అని. నాకు తొమ్మిదేళ్ళు. బూట్లు కంపు కొడుతున్నాయి. ఇంకో మలుపు పోనిమ్మన్నాను.

ఎంతసేపు చూసినా వాడు రాలేదు. వెనక్కి వెళితే రోడ్డు మీద ఎవరూ లేరు. వారం రోజులు కొండంతా గాలించారు. ఆగివున్న కారులోంచి వాడే దిగి పారిపోయాడని నాన్న పోలీసులకి చెప్పాడు. నేను పక్కన నిలబడి తలూపాను. అమ్మ పోయేదాకా ఆ మాటే నమ్మింది.

ఇప్పుడు నాకు ముప్పై ఎనిమిది. ఉంటున్నది ఆయన ఇంట్లో. ఆయన గొంతు పెంచితే నేనింకా తొమ్మిదేళ్ళ పిల్లనే. హాల్లోకి వెళ్ళి ఫోనెత్తాను.

హాల్సన్ మోటెల్లో ఒక ముసలావిడ పలికింది. ప్రూయిట్ పేరు మీద రెండు గదులు కావాలన్నాను.

"ప్రూయిట్లా? మీ అబ్బాయి వచ్చి అడిగి వెళ్ళాడుగా. పదకొండు రోజులైంది."

"మాకు అబ్బాయి లేడండీ."

"ఏమో తల్లీ. ఆరేళ్ళుంటాయేమో. బయట ఎండ పేలిపోతోంటే వాడు తడిసి ముద్దయిపోయి ఉన్నాడు. మావాళ్ళు ఇక్కడ ఆగారా అన్నాడు. లేదన్నాను. అయితే ఇంటికి నడుస్తాలే అన్నాడు. అంత పసివాణ్ణి రోడ్డు మీద వదిలేశారు, సిగ్గుండాలమ్మా."

ఆ ఊళ్ళో పాత సంగతి తెలిసినవాళ్ళెవరో ఆటపట్టిస్తున్నారనుకున్నాను. మార్ల్ క్రీక్‌కి చేశాను. అక్కడ ఒక మగమనిషి పలికాడు. నేను పేరు చెప్పగానే గొంతు తగ్గించాడు.

"నాలుగు రోజుల క్రితం వచ్చాడండీ. రొట్టె పెడితే ముట్టుకోలేదు. అక్క తినమంటే తింటానన్నాడు. వాడు నిలబడ్డచోట తివాచీ… ఇంకా ఆరలేదు."

డూలీ మాకు ముప్పై మైళ్ళు. అక్కడి అమ్మాయి సరదా మనిషి. "ఓ, మీరేనా! ఇవాళ పొద్దున్నే వచ్చాడు. ఇల్లెక్కడో మర్చిపోయాట్ట, పాపం. ఫోన్ పుస్తకంలో చూసి చీటీ రాసిచ్చాను. ఈపాటికి వచ్చేసి ఉండాలే!"

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళి, విన్నది విన్నట్టు నాన్నకి చెప్పాను. ఆయన పెన్సిలు ఆగింది. భయపడతాడనుకున్నాను. నవ్వాడు.

"అయితే నడుస్తున్నాడన్నమాట. ఇన్నేళ్ళు పట్టిందా? ముందునుంచీ మందకొడి వెధవే."

ఆ నవ్వుకి నా ఒళ్ళు మండిపోయింది. "మేం రావట్లేదు. ట్రీనా నీ కారెక్కదు. ఎన్నటికీ ఎక్కదు," అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయన మొహం మీద అన్నాను.

ఆయన మ్యాపు నెమ్మదిగా మడతపెట్టాడు. "ఇంకో మలుపన్నది నువ్వేనే," అన్నాడు.

బాత్రూమ్‌లోకి పరుగెత్తి గడియ వేసుకుని కక్కుకున్నాను. నీళ్ళ చప్పుడులో బయట ఏం జరుగుతోందో వినపడలేదు. కుళాయి కట్టేసరికి కారు మోత. కిటికీలోంచి ఆయన గొంతు.

"మనవరాలికి కారులో కూర్చోవడం నేర్పి తెస్తా!"

నేను వీధిలోకి వచ్చేసరికి కారు వంపు తిరుగుతోంది. వెనక అద్దంలో ట్రీనా పసుపు గౌను… చెయ్యి ఊపుతోంది.

రెండో కారు మా ఆయన లైల్ కోతమిల్లుకి తీసుకెళ్ళాడు. మిల్లుకి చేస్తే దుంగల కోసం అడవిలోకి వెళ్ళాడన్నారు. పోలీసులకి చేస్తే, తాత మనవరాల్ని షికారు తిప్పితే కేసు పెట్టాలా అని నవ్వారు. గడప మీద కూర్చున్నాను. వీధి రంపపు పొట్టు వాసన వేస్తోంది. కాసేపటికి ఆ వాసన పోయి తడిసిన ఉన్ని వాసన మొదలైంది. ఎటు నుంచో తెలియలేదు. పొద్దు వాలింది. చెట్ల కింద ముందుగా చీకటి పడింది. పిట్టలు అరవడం మానేశాయి. దేవుడా, నా పిల్లని తెచ్చివ్వు, ఇంకేమీ అడగను అనుకున్నాను.

వెళ్ళిన రెండు గంటల తరవాత కారు వచ్చింది. వెనక సీట్లో ట్రీనా… చేతులు ఒళ్ళో పెట్టుకుని… కదలకుండా.

"డూలీ దాకా కూడా పోలేదు, గోల మొదలుపెట్టింది," అన్నాడు నాన్న దిగుతూ. "దింపేశాను. వెనక్కి తిప్పుకొచ్చేసరికి బుద్ధిగా మలుపులో నిలబడి ఉంది. ఇంక నోరెత్తితే ఒట్టు. పిల్లల్ని పెంచడం ఇలాగే."

పిల్లని గట్టిగా వాటేసుకున్నాను. అదే పసుపు గౌను, అదే ఊడిన పన్ను. పొడిగానే ఉంది. జుట్టులోంచి మాత్రం తడి ఉన్ని వాసన వస్తోంది. తెలియనట్టు ఊరుకున్నాను. పిల్ల ఇంటికొచ్చింది, అది చాలనుకున్నాను.

బల్ల దగ్గర కూర్చోబెట్టి రొట్టె పెట్టాను. తినకుండా నా మొహం కేసి చూసింది.

"తిను," అన్నాను.

తింది. రెండు చేతులతో, నమలకుండా, నాలుగు ముక్కలు. తరవాత పళ్ళెం ముందుకి తోసింది.

"ఇంకోటి పెట్టక్కా."

నాన్న చేతిలో కప్పు కింద పడింది. ఆయన పిల్లని చూస్తూ వెనక్కి… వెనక్కి… గోడ తగిలేదాకా నడిచాడు. పిల్ల ఆయన వైపు తిరగనైనా లేదు.

హాల్లో ఫోను మోగింది. ఎలా వెళ్ళానో తెలియదు. హాల్సన్ ముసలావిడ. రెండువందల పది మైళ్ళ అవతల నుంచి.

"ఏమ్మా, ఈసారి ఆడపిల్లా?" ఆవిడ ఏడుస్తోంది. "ఇప్పుడే వచ్చింది. పసుపు గౌను. మావాళ్ళు ఇక్కడ ఆగారా అంటోంది. బూట్ల అడుగులు అరిగిపోయి కాళ్ళు బయటికొచ్చాయి. ఎన్నేళ్ళుగా నడుస్తోందో… పిల్లకి పన్నెండేళ్ళయినా ఉంటాయి. ఆ గౌను ఎంత పొట్టిదైపోయిందో చూస్తే…"

"ఫోను దానికివ్వండి," గుసగుసగా అన్నాను. "ఒక్కసారి ఇవ్వండి."

గరగరమంది. ఊపిరి. తరవాత నా బిడ్డ గొంతు, కాస్త పెద్దదై…

"అమ్మా… నేను ఏడవలేదమ్మా. తాత ఊరికే దింపేశాడు."

నోరు తెరిచాను. నా పక్కనుంచి, రొట్టె నలుసులంటిన చిన్న వేలొకటి వచ్చి, లైను తెగేలా ఫోను మీట నొక్కింది.