తుకారాం గదిలో ఊకొట్టేది ఎవరు?

ఆలూర్ దారిలో తుకారాం మిద్దె ఇంటికి రెండువేల నాలుగులో చెడ్డపేరు వచ్చింది. పొద్దుగూకితే ఆ కిటికీ కింద నడవడానికి మొగవాళ్లే జంకేవారట.

తుకారాం గ్రామాభివృద్ధి కమిటీ ప్రెసిడెంటు. పక్షవాతం వచ్చి నోరు పడిపోయింది. ఇక మాట రాదని డాక్టర్లు తేల్చేశారు. అయినా చీకటి పడ్డాక ఆ గదిలోంచి బరువైన మగగొంతు వినపడేది...

"ఊ..."

ఆయనలో ఏదో దూరిందన్నారు జనం. భయపడుతూనే ఆ "ఊ"కు తలవంచారు. కమిటీ సంగతులు పైన భార్య అడిగేది, ఆ గొంతు ఊకొట్టేది. ఒకరికి జుర్మానా కట్టమని, ఇంకొకరికి వెలి — అన్నీ ఆ "ఊ"తోనే. నిజమేమిటో చూద్దామని ఒక్కరూ మెట్లెక్కలేదు. తప్పు ఊరిది కూడా.

కమిటీ పెట్టిన కూలికి పసుపు తవ్వనన్నందుకు సాయన్న ఇంటిని వెలివేశారు. పనికి పిలిచేవాళ్లు లేరు. పలకరించేవాళ్లు లేరు. పసుపు తవ్వకాలు దాటిపోతే ఆ ఇంట్లో ఏడాదంతా పస్తులే. ఏడ్చి ఏడ్చి అతని భార్య రూత్ మనసు మొద్దుబారింది. దెయ్యమైనా సరే, అడుగుదామని బయలుదేరింది.

గేటు దగ్గర కమిటీకి సలహాలు చెప్పే లింగన్న కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి గుసగుసలాడాడు.

"నీతోని మాట్లాడితె నాకు గూడ జుర్మానా పడ్తది. పో!"

"ప్రెసిడెంటు పటేల్‌నే అడుగుత, అన్నా."

"ఎనకట అమెరికాల ఒక ప్రెసిడెంటు మంచాన వడ్తె, పెండ్లాం ఎవ్వల్ని లోపలికి రానియ్యలేదంట. మంత్రులే బయట నిలవడ్డరు. నువ్వెంత?"

నవ్వాడు. అంతలో కరెంటు పోయింది. ఆ చీకట్లో రూత్ అతణ్ణి దాటి మెట్లెక్కింది.

తలుపు సందులోంచి లాంతరు వెలుగు... తుకారాం భార్య లసుమవ్వ గొంతు.

"చెరువు మట్టి ముందుగాల మన చేన్లకే కొట్టిపిస్త. సరేనా?"

"ఊ..."

రూత్ సందులోంచి చూసింది. మంచం మీద తుకారాం నోరు వంకరపోయి, మూసే ఉంది. కదిలిన పెదవులు — లసుమవ్వవి.

దెయ్యం లేదు. రూత్‌కు భయం కలగలేదు, కోపమూ రాలేదు. లోపలికి పోయి చేతులు జోడించింది.

"అవ్వా, మా మీది వెలి తియ్యుండ్రి. మీరంటే అయిపాయె."

లసుమవ్వ తొణకలేదు. "నాదేమున్నది బిడ్డా, ఆడిదాన్ని? అంతా ఆయన చెప్పినట్టే." మొగుడి వైపు వంగింది. "గీ సాయన్నోళ్లను కలుపుకుందామా?"

తుకారాం తల కదిలింది — అవునని. కళ్లు రూత్ మీదే పెట్టి, మళ్లీ మళ్లీ ఊపాడు.

లసుమవ్వ అటు చూడలేదు. రూత్ కళ్లలోకే చూస్తూ, ఆ బరువైన మగగొంతుతో అంది...

"ఊహూఁ."

తర్వాత తన గొంతుతో, జాలిగా —

"విన్నవు గదా, బిడ్డా. ఆయన ఒప్పుకుంటలేడు."