మూడు నెలల షుగర్

మా మనవడు పాల్ నడుము కొలవడానికి టేపు చాలక దర్జీ మోకు తెప్పించాడు. నేను అబద్ధాలాడను, కాస్త సాగదీస్తానంతే. వాడికి బీపీ, కొవ్వు, షుగర్ మూడూ ఎక్కువేనని డాక్టరు చెప్పింది మాత్రం అచ్చంగా నిజం.

వాడు మనసిచ్చిన శాలిని గవర్నర్‌పేటలో ల్యాబ్ టెక్నీషియన్. వాళ్ల నాన్న షుగర్‌తో కిడ్నీలు పాడై చనిపోయారు. అందుకే పెళ్లికి ఒకటే షరతు పెట్టింది. మూడు నెలల సగటు చెప్పే షుగర్ టెస్టు ఆరున్నరకు దిగాలి.

ఈస్టర్ మర్నాడు పాల్ వెళ్లి చెయ్యి చాపాడు.

"నలభై రోజులు సాయంత్రం దాకా తినకుండా ఒంటిపొద్దున్నానండి. నిన్న పండగ భోజనం కూడా మానేశా. షుగర్ బెజవాడ వదిలి పారిపోయుంటుంది."

"ఒంటిపొద్దు విడిచాక ఏం తినేవారు?"

"ఏముందండీ, అన్నమూ పప్పే. మూడుసార్లు వడ్డించుకునేవాణ్ణి. ఆపైన నాలుగు అరటిపళ్లు."

శాలిని నవ్వకుండా రక్తం తీసింది.

సాయంత్రం రిపోర్టిచ్చింది. పరగడుపు షుగర్ నూట పద్దెనిమిది. పాల్ మొహం వెలిగింది.

"ఆ కింద చూడండి."

ఏడు పాయింట్ ఎనిమిది.

"మెషీన్ తప్పేమోనండీ?"

"పైది ఇవాళ్టి సంగతి. కిందది మూడు నెలలది." ఆమె కింది అంకె మీద వేలు పెట్టింది. "నాన్న కూడా టెస్టుకి ముందు కడుపు మాడ్చుకునేవారు. నంబరు తగ్గిందని నేనే చప్పట్లు కొట్టేదాన్ని. డయాలసిస్ గది బయట అమ్మ కూర్చున్నట్టు నేను కూర్చోలేను, పాల్‌గారూ."

మావాడు ఆ రిపోర్టుతో నేరుగా మందుల షాపుకెళ్లాడు.

మర్నాటి నుంచి మాత్రలు వేళకి వేసుకున్నాడు. అన్నం ఒక్క గరిటే. తెల్లారకుండానే మా గుణదలలో బయల్దేరి, ల్యాబ్ షట్టర్ లేచే వేళకి అక్కడికి నడిచి చేరేవాడు. ఎదురు పేవ్‌మెంటు మీద నిలబడి ఒక్క చూపు చూసి వెనుదిరిగేవాడు. ఆమె పలకరించేది కాదు. కానీ ఆదివారం షట్టర్ తెరవకపోయినా, వాడొచ్చే వేళకి ఆమె వచ్చి నిలబడేదట.

జూలైలో మళ్లీ టెస్టుకి వెళ్లాడు, వానలో ముద్దయి.

ఆరు పాయింట్ ఏడు.

పాల్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "దిగలేదండీ. మీకిచ్చిన మాట తప్పాను. వస్తాను."

"ఆగండి. రాత్రేం తిన్నారు?"

"గరిటెడు అన్నం, బీరకాయ కూర. అక్క బలవంతపెడితే సగం లడ్డూ." తలొంచి అన్నాడు, "సగం కాదండీ. మొత్తం."

శాలిని చున్నీ అంచుతో వాడి తల తుడిచింది.

"మీరు రోజూ నడిచి రావడం చూసి అమ్మని నిన్ననే అడిగాను, సరేనంది. ఆదివారం గుళ్లో మన పెళ్లి ప్రకటన చదవమని ఫాదర్‌గారికి చెప్పండి. ఆ మిగిలిన పాయింట్ రెండూ మా ఇంటికొచ్చి దించుకుందురుగాని."