తాళం వేసిన ముద్ద

2078. విశాఖ రేవు పక్క బస్తీలో, అంగన్‌వాడీకి వచ్చే ప్రతి ముద్ద మీదా ఒక బిడ్డ పేరు ఉంటుంది. ఐదేళ్ళ నూకాలు తన ముద్ద చప్పరిస్తూ, తమ్ముడు సింహాద్రి వేలికి కాస్త రాసింది. వాడు నాకి, థూ అని ఉమ్మేశాడు.

"సేదు!"

"నాకు తీపేరా!" అని నవ్వింది నూకాలు.

డాక్టర్ రత్నకుమారి కనిపెట్టిన లాలాజల తాళం అది. ముద్దలోని నానో రేణువులు ఒక్క బిడ్డ ఉమ్మినే గుర్తుపట్టి విచ్చుకుంటాయి. పరాయి నాలుక మీద వేపాకును మించిన చేదు. మునుపు బలమైన ముద్దలు ఇస్తే, తల్లులు అలవాటుగా ఒకే కంచంలో కలిపి పిల్లలందరికీ తలా ఒక కబళం పెట్టేసేవారు. చిక్కిపోయిన బిడ్డ చిక్కినట్టే ఉండేది. తాళం పడ్డాక నూకాలు బుగ్గలు తేలాయి. రత్నకుమారికి సన్మానాలు జరిగాయి.

ఇప్పుడు సింహాద్రి చెయ్యి చీపురుపుల్లలా ఉంది. వాడి పేరున ముద్ద మంజూరై రావడానికి నెల పడుతుంది. వాడు నెల ఆగేలా లేడు.

"మొన్నటిదాకా బాగానే ఉన్నాడు కదా అప్పయమ్మా! ఏం పెడుతున్నావు వీడికి?" అని అడిగింది బస్తీకి వచ్చిన రత్నకుమారి.

తల్లి చుర్రున చూసింది. "ఏటెడతానమ్మా? ఫంక్షన్ హాలు ఎనకాల పారబోసిందే ఏరుకొచ్చి ఎట్టీదాన్ని. ఇప్పుడదీ సేదైపోనాది. కుక్కలు కూడా ముట్టట్లేదు."

రత్నకుమారి నేరుగా ఆ హాలుకే వెళ్ళింది. "నాలుక చాపండి," అంది గుమ్మంలోని యంత్రం. చాపి, అది ఉమ్మి తీసుకున్నాకగాని తలుపు తెరుచుకోలేదు.

యజమాని కనకరాజు ఎదురొచ్చి దండం పెట్టాడు. "మీ తాళమే మేడం! గుమ్మంలో ఉమ్మి అందితే చాలు, అక్కడికక్కడే ఎవరి నాలుకకు వాళ్ళ విస్తరి. వెనక గోడ దగ్గర ఆ మంద బెడద వదిలింది. ఊళ్ళో హాళ్ళన్నీ పెట్టించుకున్నాయి."

"అది ఆకలి పిల్లల కోసం చేసిందండీ!"

"ఒకరి తిండి ఇంకొకరు తినకూడదనేగా చేశారు? మా బాధా అదే కదండీ."

"తాళం లేని భోజనం ఒక క్యారియర్ కట్టించండి," అంది రత్నకుమారి.

"మీకు కాదంటానా!"

క్యారియర్ ఇంకా వేడిగా ఉండగానే బస్తీకి చేరింది. అప్పయమ్మ పాయసం తీసి సింహాద్రి నోటికి అందించింది. వాడు ఆశగా నోరు తెరిచాడు. మరుక్షణం పెదాల చివర నుంచి అంతా కారిపోయింది. గట్టిగా ఉమ్మే ఓపిక కూడా లేదు వాడికి.

"ఇదీ సేదేనేటమ్మా?"

రత్నకుమారి వేలితో కాస్త తీసి నాలుకకు రాసుకుంది.

తియ్యగా ఉంది. చాలా తియ్యగా ఉంది.