బిగుసుకున్న రెండు స్క్రూలు

ఉదయం 10.42. ఆడిటోరియం వేదిక మీద ప్రొఫెసర్ ఉపన్యాసం. ఉన్నట్టుండి పైనుంచి మోటార్ స్క్రీన్ దిగింది. దాని అడుగునున్న ఇనుప కడ్డీ ఆయన తలకు తగిలింది. ఆస్పత్రిలో ఇంకా స్పృహ రాలేదు.

11.30కి లేడీ ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ఆవిడ మనసు అసలే బాగాలేదు. నిన్న తనను దాటేసి జూనియర్‌కు ప్రమోషన్ ఇచ్చారు. నవ్వుతూ కంగ్రాట్స్ చెప్పింది గానీ, కడుపు మండుతూనే ఉంది.

స్క్రీన్ పని చూసేవాళ్లు ఇద్దరే. వారం క్రితం చీఫ్ ఆపరేటర్ అయిన బావమరిది, అతనికి ఆ పని నేర్పిన బావ. కంట్రోల్ రూమ్ కంప్యూటర్ నుంచి వేదిక వెనక స్క్రీన్ మోటారును నడిపే పెట్టెకు ఒకటే సీరియల్ కేబుల్. కమాండ్ దాని గుండానే వెళ్లాలి.

"కంప్యూటర్ దగ్గర ఎవరున్నారు?"

"నేనొక్కణ్ణే మేడమ్," అన్నాడు బావమరిది. "కానీ ఒట్టు, నేను దించలేదు!"

"చిన్నవాడు, చెయ్యి జారి ఉంటుంది," బావ నిట్టూర్చాడు. "జైలు పాలు కాకుండా చూడండి."

ఆ తియ్యటి గొంతు ఇన్‌స్పెక్టర్‌కు బాగా తెలుసు. నిన్న తన గొంతూ అలాగే పలికింది.

"మీరెక్కడున్నారు?"

"క్యాంటీన్‌లో. ఇవాళ ఆ పెట్టె జోలికే పోలేదు."

ఆవిడ వేదిక వెనక్కి వెళ్లి పెట్టె ముందు కూర్చుంది. కేబుల్ మూతికి అటొకటి, ఇటొకటి చిన్న స్క్రూలు. వేళ్లతో తిప్పింది. కదల్లేదు.

"కేబుల్ ఎప్పుడు పెట్టావు?" బావమరిదిని అడిగింది.

"తొమ్మిదింటికి, టెస్టింగ్ అయ్యాక."

"స్క్రూలు బిగించావా?"

బావమరిది తల దించుకున్నాడు. "ఎప్పుడూ బిగించను మేడమ్. రోజూ పీకేదేగా! అందుకే బావ తిడుతుంటాడు."

ఇన్‌స్పెక్టర్ బావ జేబులోని స్క్రూడ్రైవర్ వైపు, భుజానున్న లాప్‌టాప్ సంచి వైపు చూసింది.

"కేబుల్ పీకి మీ లాప్‌టాప్ తగిలించారు. స్క్రీన్ దించి, మళ్లీ కేబుల్ పెట్టేశారు. స్క్రూలు బిగించకుండా వదిలేసి ఉంటే నాకు దొరికేవారు కాదు."

బావ జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పెట్టె మీద పెట్టాడు. "ఇరవై ఏళ్ల అలవాటు. వదులుగా ఉంటే చేతులు ఊరుకోవు మేడమ్. నలుగురిలో వీడి పరువు తీద్దామనుకున్నానంతే. స్క్రీన్ కింద ప్రొఫెసర్ గారు ఉన్నట్టు వెనకనుంచి కనపళ్లేదు. నా కుర్చీలో వీడు కూర్చుంటే చూడలేకపోయాను."

"అడిగితే ఇచ్చేసేవాణ్ణిగా బావా!"



బావను జీపు ఎక్కించాక ఇన్‌స్పెక్టర్ జూనియర్‌కు ఫోన్ చేసింది.

"నిన్న చెప్పిన కంగ్రాట్స్ ఉత్తుత్తిది. నీ మీద నాకు చచ్చేంత కుళ్లుగా ఉంది. రెండ్రోజులు నా కంటపడకు. ఆ తర్వాత నేనే వచ్చి మనస్ఫూర్తిగా చెబుతాను."