నోటిపుల్ల

సిపాయి రాన్ తువో శవం తెల్లవారాక దొరికింది. ఫెన్ నది రేవుకి దిగువన, రెల్లు దుబ్బుల్లో చిక్కుకుని ఉంది. నోట్లో పుల్ల అలాగే ఉంది.

చీకట్లో నది దాటేటప్పుడు ప్రతి సిపాయీ పళ్ళ మధ్య పుల్ల పెట్టుకోవాలి. దాని కొసలకున్న తాడు మెడ వెనక ముడెయ్యాలి. ఒక్కడి నోట కేక వచ్చినా ఆ జట్టులో ఐదుగురి తలలూ తెగుతాయి. సేనాపతి దువాన్‌కి ఈ నియమం చెప్పింది యుద్ధ సలహాదారు షి గావ్. దాని పుణ్యమా అని రాత్రి సైన్యమంతా చడీచప్పుడు లేకుండా ఇవతలి గట్టుకి చేరింది. పొద్దున్నే అందరూ పొగిడారు. షి గావ్ మురిసిపోయాడు కూడా.

ఇప్పుడాయన ఎదుట శవం. పక్కనే చేతులు కట్టేసిన బావ్ షు, చచ్చినవాడి జట్టువాడే. మొన్న గడ్డి చెప్పుల కోసం ఇద్దరూ కొట్టుకున్నారట. నిన్ను ఏట్లో ముంచి చంపుతానని బావ్ అందరి ముందూ అన్నాడట. అతని చేతి మీద గోళ్ళ గీతలు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఎవరడిగినా నేనే చంపానంటున్నాడు. మధ్యాహ్నం డోలు మోగితే తల తీసేస్తారు.

"ఒప్పుకున్నాక ఇంకా విచారణేంటి ఆచార్యా? వాడు మీ మేనల్లుడా ఏంటి?" అన్నాడు దువాన్.

షి గావ్ గీతలు చూస్తున్నాడు. ముంచుతుంటే పెనుగులాడినవాడి గోళ్ళు అడ్డదిడ్డంగా గీసుకుంటాయి. ఇవి మోచేతి నుంచి మణికట్టు దాకా తిన్నగా దిగాయి. పట్టుకుని, పట్టు జారిపోయిన గీతలు.

శవం దవడ విడదీశాడు. పుల్ల సగానికి పైగా కొరికేసి ఉంది. మెడ వెనక ముడి చెక్కు చెదరలేదు.

"నీ పుల్లేదీ?"

బావ్ నడుముకట్టులో దొరికింది. అదీ అంతే. పైగా విరిగిన పంటి ముక్క ఒకటి దాన్లో దిగబడి ఉంది.

కేక బయటికి రాకుండా ఇద్దరూ పళ్ళు బిగించారన్నమాట.

"ఎక్కడ పడ్డాడు?"

"నడి ఏట్లోనండి. కాలి కింద రాయి దొర్లింది."

"నువ్వు పట్టుకున్నావు."

బావ్ తల దించుకున్నాడు.

"మిగతా ముగ్గురూ?"

"నా ముందే. రెండంగలేస్తే అందేవాళ్ళు. వెనక్కి చూళ్ళేదు."

"ఒక్క కేక వెయ్యొచ్చు కదయ్యా?"

బావ్ అప్పుడు తలెత్తాడు. "వేస్తే ఐదుగురమూ పోతామన్నారు కదండీ. వాడూ అందుకే అరవలేదు. నా మొహంలోకే చూస్తూ పోయాడు. నోరుండీ నేను మూసుకున్నాను. నేను చంపినట్టే కదండీ?"

రాత్రి షి గావ్ పడవలో దాటాడు, భుజాల మీద గొంగళి కప్పుకుని. నోట్లో పుల్ల లేదు. ఏట్లో జారిపడ్డవాడి సంగతేంటని ఆయనకి తట్టనే లేదు. ఎలా తడుతుంది, కాలు తడిస్తేగా!

డోలు మోగకముందే షి గావ్ అందర్నీ సేనాపతి డేరాలో కూర్చోబెట్టాడు. రెండు పుల్లలూ చాప మీద పెట్టి, గీతల సంగతీ పంటి సంగతీ చెప్పాడు. కాపాడబోయిన చెయ్యి అది, ముంచిన చెయ్యి కాదన్నాడు.

"మరి చంపిందెవరు?" దువాన్ అడిగాడు.

"నా నియమం."

దువాన్ ఆ పుల్లలకేసి చూశాడు.

"సరే, బావ్‌ని వదిలేస్తాను. నియమాన్ని మాత్రం వదలను. రాత్రికి నది రెండో పాయ దాటాలి. అవతల శత్రువులు చెవులు రిక్కించి కూర్చున్నారు. తీసెయ్యమని మీరైనా చెప్పగలరా?"

చెప్పలేడు. కేక వినబడితే ఆ గట్టు మీద ఎంతమంది పోతారో ఆయనకి తెలుసు. అదే ఆయన్ని ఇంకా తినేసింది.

"జారితే పట్టుకోవడానికి ఏటికి అడ్డంగా మోకు కట్టించండి," అన్నాడు చివరికి. "నిన్ననే చెప్పాల్సింది. ఇంకొకటి. బావ్ జట్టులో ఒకడు తగ్గాడు. ఆ చోట నేను నడుస్తాను."

చీకటి పడ్డాక షి గావ్ మోకాళ్ళ దాకా బట్ట ఎగగట్టి బావ్ వెనక నిలబడ్డాడు. నీళ్ళు ఎముకలు కొరికేస్తున్నాయి. బావ్ వెనక్కి తిరిగి, ఏమీ అనకుండా ఆయన నోట్లో పుల్ల పెట్టాడు. మెడ వెనక తాడు ముడేశాడు.

క్షమించమని అడుగుదామని షి గావ్ పొద్దుటి నుంచీ అనుకుంటున్నాడు. ఇప్పుడు నోరు తెరవడానికి లేదు.